గుంటలు పెడితే ఘర్షణ తగ్గుతుందా? ముందు నూనె పొర మందం చెప్పండి

రెండు లోహపు ముఖాలు నూనెలో ఒకదాని మీద ఒకటి జారాలంటే వాటిని ఎంత నున్నగా చేస్తే అంత మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంజిన్లు తయారు చేసేవాళ్లు మాత్రం అలా చేయరు. సిలిండర్ లోపలి గోడకు హోనింగ్ చేసేటప్పుడు, అంటే రాళ్లతో రుద్ది సాపు చేసేటప్పుడు, ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకునే సన్నటి గీతలు పనిగట్టుకుని మిగులుస్తారు. వాటిని క్రాస్ హ్యాచ్ అంటారు. బాగా వాడాక ఆ గీతలు చెరిగిపోయి గోడ అద్దంలా మెరవడం మొదలుపెడితే మెకానిక్ దాన్ని చూసి మురిసిపోడు, గ్లేజ్ అయిందని చెప్పి మళ్లీ హోనింగ్ రాళ్లు దింపుతాడు. లేత్‌లు, గ్రైండింగ్ మెషిన్ల గైడ్‌వేలను, అంటే భాగాలు జారే పట్టాలను కూడా చేతి పనివాళ్లు స్క్రేపర్‌తో గీకి, చిన్న చిన్న లోతులేని పల్లాలు మిగిల్చేవాళ్లు, ఇప్పటికీ ఖచ్చితత్వం కావలసిన చోట మిగులుస్తారు. కారణం ఒకటే, నూనె నిలవాలి.

ఇదే ఆలోచనను తీసుకుని, గీతల బదులు లెక్క ప్రకారం గుంటలు పెడితే ఎలా ఉంటుందన్నదే సర్ఫేస్ టెక్స్చరింగ్. 1966లో హామిల్టన్, వాలోవిట్, అలెన్ అనే ముగ్గురు ఉపరితలం మీది సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లే నూనెలో పీడనం పుట్టించి రెండు ముఖాలను విడదీయగలవని సిద్ధాంతం రాశారు. అది చాలాకాలం పెద్దగా వాడకంలోకి రాలేదు. 1990ల్లో లేజర్లు అందుబాటులోకి వచ్చాక ఇజ్రాయెల్‌లోని టెక్నియన్‌లో ఎట్సియాన్ బృందం దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. అప్పటినుంచి ఈ విషయం మీద వచ్చిన పరిశోధనా పత్రాలకు లెక్కలేదు. వాటిని వరసగా చదివితే బుర్ర తిరుగుతుంది, ఎందుకంటే ఒకరు ఘర్షణ సగానికి పడిపోయిందంటారు, ఇంకొకరు ఏ తేడా లేదంటారు, మరొకరు పెరిగిందంటారు. ముగ్గురి కొలతలూ సరైనవే కావచ్చు.

ఎలాగంటే, గుంటకు సొంతంగా మంచి గుణం గానీ చెడ్డ గుణం గానీ లేదు. అది ఏం చేస్తుందన్నది దాని పక్కనున్న నూనె పొర ఎంత మందంగా ఉంది, రెండు ముఖాలు ఎంత మేర ఎదురెదురుగా ఉన్నాయి అన్న రెండు విషయాలు తేలుస్తాయి. ఆ రెండూ చెప్పకుండా "అన్నింటికన్నా మంచి టెక్స్చర్ ఏది" అని అడిగితే దానికి జవాబు లేదు.

పొర మందం అంటే ఏమిటో ముందు చూద్దాం. జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ 1902 ప్రాంతంలో బేరింగుల మీద జాగ్రత్తగా కొలతలు తీసి ప్రకటించాడు. వేగం, నూనె చిక్కదనం, భారం ఈ మూడూ కలిస్తే వచ్చే విలువను అడ్డంగా, ఘర్షణ గుణకాన్ని నిలువుగా పెట్టి గీస్తే వచ్చే వక్రరేఖకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఎడమ చివర వేగం తక్కువ, భారం ఎక్కువ, పొర దాదాపు లేదు, లోహపు మొనలే ఒరుసుకుంటాయి, ఘర్షణ గుణకం 0.1 చుట్టుపక్కల ఉంటుంది. దీన్ని బౌండరీ దశ అంటారు. కుడివైపు పోతే నూనె పొర రెండు ముఖాలనూ పూర్తిగా విడదీస్తుంది, లోహం లోహాన్ని ముట్టుకోదు, గుణకం 0.01కో అంతకన్నా కిందికో దిగుతుంది. మధ్యలో కాస్త లోహం, కాస్త నూనె కలిసి భారం మోసే మిశ్రమ దశ ఉంటుంది. కుడి చివరకు పోయేకొద్దీ ఘర్షణ మళ్లీ మెల్లగా పెరుగుతుంది, అది నూనె లోపలి చిక్కదనం వల్ల వచ్చేదే తప్ప లోహం వల్ల కాదు. పొర మందాన్ని రెండు ముఖాల ఉమ్మడి గరుకుదనంతో భాగిస్తే వచ్చే సంఖ్య 1 కన్నా తక్కువైతే బౌండరీ, 3 దాటితే పూర్తి పొర అని ఇంజినీర్లు మోటుగా లెక్క వేసుకుంటారు. మోటు లెక్కే కానీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. నూనె భారాన్ని ఎలా ఎత్తుతుంది?

1880ల్లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజినీర్ రైల్వే ఇరుసు బేరింగును పరీక్షిస్తూ, నూనె పోయడానికి పైభాగాన ఒక రంధ్రం తొలిచాడు. నూనె లోపలికి పోవడానికి బదులు పైకి తన్నుకొచ్చింది. బిరడా కొడితే దాన్నీ బయటికి నెట్టేసింది. ప్రెషర్ గేజ్ పెడితే బేరింగు మీది సగటు భారం కంటే చాలా ఎక్కువ పీడనం చూపించింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్క కట్టాడు. తిరిగే ఇరుసు నూనెను తనతోపాటు లాక్కుపోతుంది, ఆ నూనె వెళ్లే సందు ముందుకు పోయేకొద్దీ ఇరుకైతే పీడనం పుడుతుంది, ఆ పీడనమే భారాన్ని మోస్తుంది. అంటే కావలసింది ఇరుకయ్యే సందు. రెండు ముఖాలు కచ్చితంగా సమాంతరంగా ఉంటే రేనాల్డ్స్ లెక్క ప్రకారం పీడనం సున్నా.

ఈ సమాంతర ముఖాల మధ్యలోనే గుంట కథ మొదలవుతుంది. కదలని ముఖం మీద ఒక గుంట ఉందనుకోండి, ఎదురుగా ఉన్న ముఖం నూనెను లాక్కుంటూ దాని మీదుగా పోతోంది. గుంట మొదలయ్యే చోట సందు వెడల్పవుతుంది, కాబట్టి పీడనం పడిపోతుంది. గుంట ముగిసే చోట సందు ఇరుకవుతుంది, పీడనం లేస్తుంది. గుంట రెండువైపులా ఒకేలా ఉంటే పడినంతే లేస్తుంది, కూడితే సున్నా. కాగితం మీద చూస్తే గుంట వల్ల ఒక్క గ్రాము భారం కూడా లేవకూడదు.

కానీ లేస్తుంది. ఎందుకంటే పీడనం లేవడానికి ఉన్నంత స్వేచ్ఛ పడటానికి లేదు. వాతావరణ పీడనం సుమారు 1 బార్, కాబట్టి మామూలు పరిస్థితిలో నూనె పీడనం అంతకు మించి తగ్గడానికి వీల్లేదు, ఆ దగ్గరికి రాగానే నూనెలో కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటికొచ్చి పొర చిట్లుతుంది. దీన్నే క్యావిటేషన్ అంటారు. పైకి మాత్రం పదుల బార్లు లేవవచ్చు. ఒక వైపు నేల ఉంది, ఇంకో వైపు కప్పు లేదు, కాబట్టి మొత్తం మీద ఎత్తే బలమే మిగులుతుంది. పంపులకూ ప్రొపెల్లర్లకూ శత్రువని మనం చదువుకున్న క్యావిటేషన్ ఇక్కడ బేరింగు పక్షాన ఉండటం నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చే సంగతి.

దీనికో తిరకాసు ఉంది. మెషిన్ లోపలే పీడనం ఎక్కువగా ఉంటే, ఉదాహరణకు తిరిగే షాఫ్టు దగ్గర 100 బార్ల ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీల్‌లో, గుంట మొదట్లో పీడనం పడటానికి చాలా చోటుంటుంది. క్యావిటేషన్ రాదు, సమతూకం చెడదు, ఎత్తే బలం ఎగిరిపోతుంది. తక్కువ పీడనంలో అద్భుతంగా పనిచేసిన అదే గుంటల నమూనాను ఎక్కువ పీడనం సీల్‌లో పెట్టి "ఇదేంటి, పనిచేయడం లేదు" అనుకోవడానికి ఇదే కారణం. అక్కడ వేరే ఎత్తు వేయాలి. ముఖమంతా గుంటలు పెట్టకుండా, ద్రవం లోపలికొచ్చే వైపు సగానికి కాస్త పైగా మాత్రమే దట్టంగా పెట్టి మిగతాది నున్నగా వదిలేస్తారు. అప్పుడు గుంటల ప్రాంతంలో సగటు సందు ఎక్కువ, నున్నటి ప్రాంతంలో తక్కువ, అంటే మొత్తం ముఖమే ఒక మెట్టులా ప్రవర్తిస్తుంది. మెట్టు ఉన్న బేరింగు భారం మోయడంలో ఎంత సమర్థమో లార్డ్ రేలీ 1918లోనే చూపించాడు. ఎట్సియాన్ బృందం 2003లో సమాంతర థ్రస్ట్ బేరింగుల (షాఫ్టు పొడవునా వచ్చే భారాన్ని మోసేవాటి) మీద వేసిన లెక్కల్లో తేలింది కూడా ఇదే, ఒక్కో గుంట విడివిడిగా చేసే పని కన్నా గుంటలన్నీ కలిసి మెట్టులా చేసే పనే చాలా పెద్దది. అలాంటి థ్రస్ట్ బేరింగులో షాఫ్టు ఉల్టా తిరిగితే మాత్రం మెట్టు తప్పు వైపుకు వస్తుంది. రెండు దిశల్లో తిరిగే మెషిన్‌కు ఈ పద్ధతి వాడేముందు ఆలోచించుకోవాలి.

ఇంకో మార్గం కూడా ఉంది. 2007లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు చూపించినది, నూనె లోపలికి వచ్చే చోటికి దగ్గరగా ఉన్న గుంటలో పీడనం వాతావరణం కన్నా తక్కువకు పడితే, ఆ లోటే బయటి నూనెను లోపలికి పీల్చుకుంటుంది. దాన్ని ఇన్‌లెట్ సక్షన్ అన్నారు. ముఖాలు దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడే ఇది లెక్కలోకి వచ్చేంత పనిచేస్తుంది. బేరింగుకు మొదటే చక్కటి వాలు ఉంటే గుంటలు చేర్చేది తక్కువ, కొన్నిసార్లు ఉన్న బలాన్ని తగ్గిస్తాయి కూడా. ఉన్న వాలు మంచిదైతే దాన్ని కదపకండి.

మధ్యలో ఒక అపోహ తీసేద్దాం. ఈ విషయం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గోల్ఫ్ బంతి మీది గుంటలతో పోలుస్తారు. అది వేరే కథ. గాలిలో ఎగిరే బంతి చుట్టూ ఉన్న గాలి పొరను గుంటలు అల్లకల్లోలం చేస్తాయి, దాంతో బంతి వెనక ఏర్పడే ఖాళీ చిన్నదై గాలి నిరోధం తగ్గుతుంది. నూనె పొరలో అల్లకల్లోలానికి చోటే లేదు. 5 మైక్రాన్ల పొర (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), సెకనుకు 5 మీటర్ల వేగం, వేడెక్కిన ఇంజిన్ ఆయిల్‌లాంటి చిక్కదనం తీసుకుంటే ప్రవాహం అల్లకల్లోలమవుతుందో లేదో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 2 లేదా 3 వస్తుంది. అల్లకల్లోలం మొదలవ్వాలంటే అది వెయ్యి దాటాలి. పోలిక చూడ్డానికి బాగుంటుంది, లోపలి పని మాత్రం పూర్తిగా వేరు.

సరే, పూర్తి పొర ఉన్నచోట ఘర్షణ ఎంత తగ్గుతుందో ఒక చిన్న లెక్క వేద్దాం, దీనితో అతిశయోక్తులు కొన్ని రాలిపోతాయి. నూనెలో కోత బలం, అంటే జారుడుకు నూనె ఒక్కో చదరపు మీటరు మీద అడ్డుపడే బలం, లెక్కించాలంటే చిక్కదనాన్ని వేగంతో గుణించి పొర మందంతో భాగించడమే. చిక్కదనం 0.01 పాస్కల్ సెకన్లు, వేగం సెకనుకు 5 మీటర్లు, పొర 2 మైక్రాన్లు అనుకుంటే చదరపు మీటరుకు 25,000 న్యూటన్లు వస్తుంది. 8 మైక్రాన్ల లోతు గుంట మీద మొత్తం సందు 10 మైక్రాన్లు, కాబట్టి అక్కడ 5,000 మాత్రమే. గుంటలు ముఖంలో 15 శాతం ఆక్రమిస్తే సగటు 22,000. అంటే తగ్గింది 12 శాతం. గుంట లోపల నూనె సుడి తిరగడాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, తీసుకుంటే ఇంకాస్త తక్కువే తగ్గవచ్చు. 12 శాతం చిన్నదేమీ కాదు, కానీ సగానికి తగ్గిందని ఎవరైనా చెబితే అది ఈ దారిలో వచ్చింది కాదు. గుంటలు పుట్టించిన పీడనం ముఖాలను ఇంకాస్త పైకెత్తి పొరను 2 మైక్రాన్ల నుంచి 4కు పెంచితేనే ఆ సగం వస్తుంది. లేదా అసలు మిశ్రమ దశలో ఒరుసుకుంటున్న ముఖాలు గుంటల వల్ల పూర్తి పొరలోకి జారి ఉండాలి. పెద్ద పెద్ద శాతాలు చాలావరకు ఈ రెండో రకం, అంటే స్ట్రైబెక్ వక్రరేఖ మీద చోటు మారడం వల్ల వచ్చినవి. మొదటే కుడివైపు హాయిగా ఉన్న బేరింగుకు ఆ శాతాలు ఆశించకూడదు.

ఎడమవైపు దశల్లో, అంటే లోహం లోహాన్ని ముట్టుకునే చోట, గుంటకు పీడనంతో పెద్దగా పని లేదు. అక్కడ దాని ఉద్యోగం రెండు. ఒకటి, నూనె దాచుకోవడం. ముఖం ఆరిపోబోయే క్షణంలో గుంటలోని నూనె జారే ముఖం ఈడ్చుకుపోగా చుట్టుపక్కలకు పరుచుకుంటుంది. ఆయిల్ సరఫరా అరకొరగా ఉండే చోట, మెషిన్ ఆగి మళ్లీ మొదలయ్యే చోట ఇది ప్రాణం నిలబెడుతుంది. రెండోది, రజను మింగడం. అరుగుదలలో ఊడిన గట్టి రేణువులు రెండు ముఖాల మధ్య చిక్కుకుంటే అవి దున్నుకుంటూ పోతాయి, ఆ దున్నుడు ఘర్షణలో పెద్ద వాటా అని ఎంఐటీలో నామ్ సుహ్ 1980ల్లోనే వాదించాడు, మెట్టపల్లాలు ఉన్న ఉపరితలాలతో ప్రయోగాలు చేసి రేణువులు పల్లాల్లో పడిపోతే ఒరిపిడి తగ్గుతుందని చూపించాడు. ఈ వాదన నాకు ఇప్పటికీ గట్టిదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో నూనె పీడనం గురించిన ఏ సున్నితమైన లెక్క మీదా ఆధారపడాల్సిన పని లేదు.

ఘర్షణ, అరుగుదల ఒకటి కాదు

ఇక్కడే చాలామంది తడబడతారు. ఘర్షణ తగ్గితే అరుగుదల కూడా తగ్గినట్టేనని అనుకుంటారు. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీలో కోవల్చెంకో బృందం చేసిన ప్రయోగాలు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తాయి. లేజర్ గుంటలు పెట్టిన ఉక్కు డిస్క్ మీద ఉక్కు బంతిని నూనెలో జార్చి చూశారు. గుంటలు దట్టంగా ఉన్న డిస్కుల మీద బంతి ఎక్కువ అరిగింది. బంతి అరిగి కింద చదునైంది. చదునవగానే అదే భారం పెద్ద వైశాల్యం మీద పరుచుకుని పీడనం తగ్గింది, ఇప్పుడు రెండు దాదాపు సమాంతర ముఖాలు ఏర్పడ్డాయి, పొర నిలిచింది, ఘర్షణ పడిపోయింది. మామూలు డిస్క్ మీద కూడా ఇదంతా జరిగేదే, కాకపోతే గుంటలున్న డిస్క్ మీద త్వరగా జరిగింది. అంటే ఘర్షణ గ్రాఫ్ చూస్తే గుంటలు గెలిచాయి, బంతిని మైక్రోస్కోపు కింద చూస్తే అది మూల్యం చెల్లించింది. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టకుండా ఘర్షణ ఒక్కదాన్నే చూపించే పత్రాలను నేను కాస్త అనుమానంగానే చదువుతాను.

అరుగుదల మొదటి కొన్ని గంటల్లో ఎక్కువై తర్వాత ఆగిపోతే అది రన్నింగ్ ఇన్, దానితో ఎవరికీ పేచీ లేదు. ఆగకుండా సాగితే అది నష్టం. ఆ తేడా తెలియాలంటే పరీక్షను ఎక్కువసేపు నడపాలి.

బంతి సంగతి చెప్పుకున్నాం కాబట్టి తాకే వైశాల్యం గురించి. మెకానికల్ సీల్, థ్రస్ట్ బేరింగు లాంటి చోట్ల ఎదురెదురు ముఖాలు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి, తాకే వెడల్పు మిల్లీమీటర్లలో, సెంటీమీటర్లలో ఉంటుంది, ఒక్కో గుంట 100 మైక్రాన్లయినా వరసగా పదులకొద్దీ పడతాయి. గేర్ పళ్లు, క్యామ్‌లు, బాల్ బేరింగులు అలా కాదు. అక్కడ తాకే వెడల్పే కొన్ని వందల మైక్రాన్లు, పీడనం గిగాపాస్కల్ స్థాయిలో, పొర మందం మైక్రాన్ లోపే. అంత పీడనంలో నూనె చిక్కదనం ఎన్నో రెట్లు పెరిగి దాదాపు గట్టి పదార్థంలా మారిపోతుంది, లోహం కూడా సాగి నొక్కుకుంటుంది, ఆ రెండూ కలిసే పొరను కాపాడతాయి. అలాంటి చోట 8 మైక్రాన్ల లోతు గుంట వచ్చిందంటే పీడనం అక్కడ ఒక్కసారిగా కూలి, పొర పల్చబడి, గుంట అంచుల్లో లోహం లోహాన్ని ముట్టుకుంటుంది. చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో సాంకేతిక విశ్వవిద్యాలయంలో క్రూప్కా, హార్ట్ల్ గాజు డిస్క్ మీదుగా కాంతిని పంపి, రంగుల పట్టీలు చూస్తూ పొర మందాన్ని నేరుగా కొలిచారు. లోతు ఎక్కువైన గుంటలు పొరను దెబ్బతీశాయి, మైక్రాన్‌లో కొద్ది భాగం మాత్రమే లోతున్న పల్చటి గుంటలు మాత్రం పొర బాగా సన్నగా ఉన్న దశలో నూనెను విడుదల చేసి దాన్ని పెంచాయి. ఇవి దొర్లుతూ ఉండే భాగాలైతే ఇంకో ప్రమాదం, గుంట అంచున ఒత్తిడి పోగుపడి అలసట పగుళ్లు అక్కడే మొదలవుతాయి. గేర్లకు టెక్స్చరింగ్ అని వినగానే నేను లోతు ఎంత అని అడిగేది అందుకే.

పిస్టన్ రింగు దగ్గర ఈ కథంతా ఒక్క స్ట్రోక్‌లోనే నడుస్తుంది. 80 మిల్లీమీటర్ల స్ట్రోక్, నిమిషానికి 3,000 చుట్లు ఉన్న ఇంజిన్‌లో సగటు పిస్టన్ వేగం సెకనుకు 8 మీటర్లు, మధ్యలో 12 దాటుతుంది, పైన కింద రెండు చివర్లలో సున్నా. మధ్యలో రింగు నూనె మీద తేలిపోతుంది, పై చివర వేగం లేదు, పైగా మండే వాయువుల పీడనం రింగును గోడకు అదుముతోంది, నూనె వేడికి పల్చబడింది. లైనర్‌లో, అంటే సిలిండర్ లోపలి గోడలో, ఎక్కువ అరుగుదల ఎప్పుడూ పై చివర్లోనే కనిపించడం వింతేమీ కాదు. ఇంపీరియల్ కాలేజీలోనే తర్వాత ఇలాంటి ముందుకూ వెనక్కూ జారే అమరిక మీద లేజర్‌తో పల్లాలు చెక్కి చూశారు. జారే దిశకు అడ్డంగా ఉన్న సన్నటి గాళ్లు మిశ్రమ, బౌండరీ దశల్లో ఘర్షణను బాగా తగ్గించాయి, పూర్తి పొర ఉన్న దశలో అవే గాళ్లు దాన్ని పెంచాయి. కాబట్టి రెండు చివర్లలో గుంటలు పెట్టి మధ్య భాగాన్ని నున్నగా వదలడం తెలివైన పని. లోతు ఎక్కువైతే ఇంకో తంటా ఉంది, గాళ్లలో మిగిలిన నూనె మంటకు కాలిపోతుంది, ఆయిల్ ఖర్చూ పొగా రెండూ పెరుగుతాయి.

దిశ గురించి కూడా ఒక మాట. షాఫ్టు సీల్ కింద తిరిగే భాగాన్ని లేత్ మీద మామూలుగా తిప్పి వదిలేస్తే టూల్ వేసిన సన్నటి మర గీత ఒకటి మిగులుతుంది, కంటికి కనపడదు. షాఫ్టు తిరుగుతుంటే ఆ గీత నూనెను పంపు చేసినట్టు బయటికి తోడేస్తుంది. సీల్ రబ్బరు కొత్తదే, అయినా లీకు. అందుకే అక్కడ టూల్‌ను పక్కకు జరపకుండా నేరుగా లోపలికి దింపే ప్లంజ్ గ్రైండింగ్ చేయమంటారు. ఇదే గుణాన్ని మంచికి వాడితే హార్డ్ డిస్క్ మోటార్ల బేరింగు అవుతుంది, అందులో చేప ముల్లు ఆకారంలో చెక్కిన గాళ్లు నూనెను అంచుల నుంచి మధ్యకు తోస్తాయి, షాఫ్టు తిరిగినంతసేపూ లోహాన్ని తాకదు. లేజర్ గుంటల హడావుడేమీ లేకుండా ఇవి నిశ్శబ్దంగా కోట్ల సంఖ్యలో తిరుగుతున్నాయి, టెక్స్చరింగ్ సాధించిన అసలైన విజయం ఇదేనని నేనంటాను.

డ్రాయింగు మీద ఉపరితలం గురించి సాధారణంగా ఒక్క సంఖ్యే రాస్తారు, ఆర్ఏ, సగటు గరుకుదనం. ఈ విషయంలో అది దాదాపు పనికిరాదు. చదునైన ముఖం మీద అక్కడక్కడా గుంటలున్నా, అదే ముఖాన్ని తలకిందులు చేసినట్టు అక్కడక్కడా మొనలు పొడుచుకొచ్చినా ఆర్ఏ ఒక్కటే వస్తుంది. మొదటిది నూనె దాచుకుంటుంది, రెండోది ఎదుటి ముఖాన్ని గీకేస్తుంది. అందుకే లైనర్లకు ప్లేటో హోనింగ్ చేస్తారు, ముందు లోతైన గీతలు వేసి తర్వాత పై మొనలను మాత్రం తీసేస్తారు. కొలిచేటప్పుడు మొనల ఎత్తుకు ఒకటి, భారం మోసే మధ్య భాగానికి ఒకటి, పల్లాల లోతుకు ఒకటి, ఇలా మూడు సంఖ్యలు తీసుకుంటారు. టెక్స్చర్ మీద ఎవరైనా ఆర్ఏ ఒక్కటే చెబితే ఇంకా అడగండి.

ఇక తయారీ. నానోసెకను లేజర్ లోహాన్ని కరిగించి చిమ్మేస్తుంది, చిమ్మిన లోహం గుంట చుట్టూ గట్టులా గడ్డకడుతుంది. నూనె పొరే మైక్రాన్, రెండు మైక్రాన్లు ఉన్నప్పుడు ఆ గట్టు పొరను చీల్చుకుని పైకి లేస్తుంది, గుంటలు పెట్టినందుకు ఘర్షణ పెరుగుతుంది. తర్వాత సన్నటి పొడితో రుద్ది (దీన్ని ల్యాపింగ్ అంటారు) గట్టును తీసేస్తే అదే డిస్క్ బాగా పనిచేస్తుంది. ఫెమ్టోసెకను లేజర్లతో గట్టు చాలా తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. లేజర్ వేడికి చుట్టుపక్కల ఉక్కు గట్టిపడటం కూడా ఉంది, అప్పుడు అరుగుదల తగ్గింది గుంట వల్లనా గట్టిదనం వల్లనా అన్నది విడిగా పరీక్షిస్తే తప్ప తేలదు.

ఆయుష్షు సంగతీ అంతే. 5 మైక్రాన్ల లోతు గుంట ఉన్న ముఖం 5 మైక్రాన్లు అరిగితే గుంట లేదు. పూర్తి పొర ఉన్నచోట అరుగుదలే ఉండదు కాబట్టి గుంట ఉంటుంది. అరుగుదల ఎక్కువ ఉన్నచోట, అంటే గుంట అవసరం బాగా ఉన్నచోట, అది ముందు పోతుంది. లైనర్ పై చివర్లో మసి, కార్బన్ నిండిపోయి పూడుకుపోవడం కూడా జరుగుతుంది. దీనికి లోతు పెంచితే పొర చెడుతుంది. హార్డ్ కోటింగ్ వేసి అందులో గుంటలు పెట్టడం, లేదా ఉక్కును కరిగించి స్ప్రే చేసిన పూతలో సహజంగా మిగిలే సూక్ష్మ రంధ్రాలనే నూనె గుంటలుగా వాడుకోవడం ఇక్కడ మిగిలే దారులు, వీటిలో రెండోది ఇప్పుడు కార్ల ఇంజిన్లలో కనిపిస్తోంది. రెండో పద్ధతిలో పూత అరిగినా కింద మళ్లీ రంధ్రాలు బయటపడతాయి, అందుకే అది నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇంజిన్ ఆయిళ్లు ఇంధనం ఆదా కోసం ఏటికేడు పల్చబడుతున్నాయి, 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-8 అనే బాగా పల్చటి గ్రేడ్ల దాకా వచ్చాయి. పల్చటి నూనె అంటే పొర సన్నం, అంటే స్ట్రైబెక్ వక్రరేఖ మీద ఎడమకు జరగడం, నిన్న పూర్తి పొర మీద తేలిన భాగాలు ఇవాళ మిశ్రమ దశలో పడటం. హోల్మ్‌బర్గ్, ఎర్డెమిర్ 2017లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచం వాడే మొత్తం శక్తిలో సుమారు 23 శాతం ఇలా ఒరుసుకునే భాగాల దగ్గరే ఖర్చవుతోంది, అందులో 20 శాతం ఘర్షణను గెలవడానికి, 3 శాతం అరిగినవాటిని మళ్లీ తయారు చేయడానికి. గుంటల మీద ఇంత ఆసక్తి ఉండటానికి కారణం వెతకనక్కర్లేదు.

మరి అన్ని లైనర్లలో లేజర్ గుంటలు ఎందుకు లేవు? లెక్క వేయండి. 80 మిల్లీమీటర్ల బోరు, 100 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లైనర్ లోపలి వైశాల్యం సుమారు 25,000 చదరపు మిల్లీమీటర్లు. 100 మైక్రాన్ల గుంటలు 10 శాతం పరచాలంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 13 పడతాయి, మొత్తం 3 లక్షలకు పైగా. సెకనుకు వెయ్యి చొప్పున కొట్టినా ఒక్కో సిలిండర్‌కు ఐదు నిమిషాలు దాటుతుంది, ఆపైన గట్లు తీసే ల్యాపింగ్. హోనింగ్ అంతకంటే చాలా త్వరగా అయిపోతుంది. అదే పై చివర 10 మిల్లీమీటర్ల పట్టీలో మాత్రం కొట్టాలంటే 32,000 గుంటలు చాలు, అర నిమిషం పని.